రాగిమాల్ట్ తెలిసిన నాలుకకు సింగిల్ మాల్ట్ ఓ లెక్కా?

పాలకోడు: రాగులు రాత్రంతా నానబెడతారు. గుడ్డలో మూటగట్టి పక్కన పెడతారు. తెల్లటి మొలకలు వచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి, మరకు పంపిస్తారు. ధర్మపురి జిల్లాలో ఈ పని తెలియని ఆడవాళ్ళు ఉండరు. పసిపిల్లలకు పట్టే రాగిమాల్ట్ ఇదే. ఇప్పుడు రాగులు తీసేసి ఆ స్థానంలో బార్లీ పెట్టండి. అది విస్కీ మాల్ట్. తొలి మెట్టు వరకు రెండింటికీ తేడా ఏమీ లేదంటే చాలామంది నమ్మరు.

నమ్మకపోవడానికీ కారణం ఉంది. సింగిల్ మాల్ట్ అనగానే మన ఊళ్ళలో ఒకటే లెక్క. సింగపూరు నుంచో దుబాయి నుంచో వచ్చిన బావమరిది సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తెచ్చేది, పెళ్ళిళ్ళలో పెద్ద మనుషుల గదిలో మాత్రమే కనిపించేది అని. కానీ పాలకోడులో రైలెక్కి రాయకోట, హోసూరు దాటితే వచ్చే బెంగళూరులోనే, దూరం వంద కిలోమీటర్ల పైచిలుకు, ప్రపంచం మెచ్చిన సింగిల్ మాల్ట్ ఒకటి తయారవుతోంది. నలుగురు వాటాలేసుకుని ఒక సీసా కొని, ఇంట్లోనే తీరిగ్గా రుచి చూస్తే ఎట్లా ఉంటుంది? ఆ సంగతే ఈ కథనం.

చెరకు మడ్డా? బార్లీయా?

ముందు మనం 'విస్కీ' అని తాగుతున్నది ఏమిటో తెలియాలి. తిమ్మనహళ్ళి సహకార చక్కెర మిల్లుకు చెరకు తోలిన రైతులకు మడ్డి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చక్కెర తీసేశాక మిగిలే నల్లటి, జిగట పదార్థం అది. మొలాసిస్ అని దాని మిల్లు పేరు. దాన్ని పులియబెట్టి, వాసనా రుచీ పోయేదాకా వడగడితే వచ్చే స్పిరిట్‌లో రంగు, పరిమళం, కాస్త మాల్ట్ స్పిరిట్ కలిపి సీసాల్లో నింపుతారు. మన దేశంలో చవకగా దొరికే విస్కీల్లో చాలావాటి పుట్టుక ఇదే. ఈమధ్య మడ్డి బదులు బియ్యం, మొక్కజొన్న స్పిరిట్ వాడకం కూడా పెరిగింది. ఐరోపా దేశాల చట్టం ప్రకారం ధాన్యం నుంచి రానిది విస్కీయే కాదు. మడ్డి నుంచి వచ్చేదాన్ని ప్రపంచమంతా రమ్ము జాతిగానే చూస్తుంది. మనకు మాత్రం అది విస్కీ. ఇందులో మోసమేమీ లేదు, మన చట్టం ఒప్పుకున్నదే. కాకపోతే తాగేవాడికి తెలిసుంటే బాగుంటుంది.

సింగిల్ మాల్ట్ దారి వేరు. మొలకెత్తిన బార్లీ తప్ప మరో ధాన్యం కలపకూడదు. 'సింగిల్' అంటే ఒకే పీపా అనో ఒకే పెగ్గు అనో అనుకుంటారు. కాదు, ఒకే డిస్టిలరీలో తయారైనదని అర్థం. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని తానే చక్కెరగా మార్చుకునే గుణం తెచ్చుకుంటుంది. రాగిమాల్ట్ జావ మామూలు రాగి జావ కన్నా తియ్యగా, పల్చగా ఉండేది అందుకే. ఆ తీపి నీళ్ళను ఈస్టుతో పులియబెట్టి, రాగి బట్టీల్లో, ఇక్కడ రాగి అంటే ధాన్యం కాదు, లోహం, మామూలుగా రెండుసార్లు వండి దించుతారు. అప్పటికది నీళ్ళలా తెల్లగానే ఉంటుంది. రంగు, సగానికి పైగా రుచి వచ్చేది ఆ తర్వాత ఏళ్ళ తరబడి నిద్రపోయే ఓక్ చెక్క పీపాల నుంచి. మన దేశంలో ఆహార భద్రత సంస్థ 2018లో మద్యానికి రూపొందించిన నిబంధనల్లోనూ సింగిల్ మాల్ట్‌కు బార్లీ మాల్ట్, పాట్ స్టిల్, ఒకే డిస్టిలరీ అన్న నిర్వచనమే ఉంది.

గ్లాస్గోలో గెలిచి బెంగళూరు చేరింది

అమృత్ డిస్టిలరీస్‌ను 1948లో బెంగళూరులో రాధాకృష్ణ జగ్దాలే మొదలుపెట్టారు. చాలా ఏళ్ళు అందరిలాగే రమ్ము, బ్రాందీ, విస్కీలు తయారు చేసి అమ్మిన సంస్థే. బార్లీ మాల్ట్ తయారు చేసినా తమ ఇతర విస్కీల్లో కలపడానికే వాడేది. ఆయన కుమారుడు నీలకంఠ జగ్దాలే హయాంలో ఈ మాల్ట్‌ను విడిగా అమ్మితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. మూడో తరం రక్షిత్ ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఎంబీఏ చేస్తూ, అక్కడి భారతీయ హోటళ్ళలో ఇండియా సింగిల్ మాల్ట్ అమ్ముడవుతుందా అన్నదే తన ప్రాజెక్టుగా తీసుకున్నారు.

2004 ఆగస్టు 24న సరుకును విడుదల చేసింది ఎక్కడో తెలుసా? స్కాట్లండులోని గ్లాస్గోలో. తిరుపతిలో లడ్డూ దుకాణం పెట్టినట్టన్నమాట. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010 సంచికలో జిమ్ ముర్రే 'విస్కీ బైబిల్' అమృత్ ఫ్యూజన్‌కు నూటికి 97 మార్కులేసి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాక లెక్క మారింది. ఫ్యూజన్‌లో ఉన్నది మన బార్లీకి స్కాట్లండు నుంచి తెప్పించిన, పీట్ పొగ పట్టించిన బార్లీ తోడు చేసిన మిశ్రమం. సొంత ఊరు బెంగళూరులో ఈ సీసా దుకాణానికి వచ్చింది కూడా 2010లోనే. విదేశం మెచ్చాకే ఇంట్లోవాళ్ళకు కనబడటం మనకు కొత్త కాదు.

తర్వాత మిగతావాళ్ళూ వచ్చారు. గోవాలో బట్టీ పెట్టిన జాన్ డిస్టిలరీస్ వారి పాల్ జాన్ 2012లో, ఉత్తరప్రదేశ్‌కు చెందిన రాంపూర్ 2016లో, హర్యానా కర్నాల్ జిల్లాలోని ఇంద్రి అనే ఊరి పేరే పెట్టుకున్న ఇంద్రి 2021లో. 2023లో దేశంలో అమ్ముడైన సింగిల్ మాల్ట్‌లో సగానికి పైగా స్వదేశీదేనని మద్యం కంపెనీల సమాఖ్య లెక్క కట్టింది.

దేవతల వాటా ఇక్కడ ఎక్కువ

పీపాలో ఉన్న విస్కీ కొంచెం కొంచెంగా ఆవిరై పోతుంటుంది. దానికి స్కాట్లండు వాళ్ళు పెట్టుకున్న పేరు 'దేవదూతల వాటా'. చలిదేశం కాబట్టి అక్కడ ఏడాదికి రెండు శాతం పోతుంది. బెంగళూరు ఎండకు పది నుంచి పన్నెండు శాతం పోతుంది. ఇరవై ఏళ్ళు దాచిపెడితే పీపా తెరిచి చూసేసరికి అడుగున తడి మాత్రమే మిగులుతుంది! అమృత్ వాళ్ళు 2013లో ఎనిమిదేళ్ళ విస్కీ ఒకటి తెచ్చి దానికి 'గ్రీడీ ఏంజెల్స్', అంటే ఆశపోతు దేవదూతలు అని పేరు పెట్టడం వెనక కథ ఇదే.

నష్టం ఉన్నా లాభమూ ఉంది. వేడికి చెక్కలోని సారం తొందరగా దిగుతుంది. ఇక్కడి ఒక ఏడాది స్కాట్లండులో మూడేళ్ళతో సమానమని తయారీదారులు చెబుతారు. కాబట్టి సీసా మీద '12 ఏళ్ళు' అని రాసి లేదని మన సరుకును చులకన చేయనక్కర్లేదు. నాలుగైదేళ్ళకే అది ఈడొచ్చిన సరుకు. ధర కొంత అందుబాటులో ఉండటానికీ ఇదొక కారణం.

శనివారం సాయంత్రం, నాలుగు గ్లాసులు

పాలకోడులో ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో ఒక శనివారం కూర్చున్నది నలుగురం. ఇంటాయన, చక్కెర మిల్లులో పని చేసి విరమించిన ఒక పెద్దాయన, టమాటా మండీలో కమీషన్ వ్యాపారి, ఈ విలేకరి. బల్ల మీద బిల్లుతో కొన్న అమృత్ సింగిల్ మాల్ట్, 46 శాతం. మామూలు క్వార్టర్‌లో ఉండేది 42.8 శాతం. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నీళ్ళు కలపకుండా గుటక వేస్తే గొంతు మండేది మొదటివాడికే.

కమీషన్ వ్యాపారి సోడా కోసం చెయ్యి చాచాడు. "ఒక్క పది నిమిషాలు ఆగన్నా" అని ఆపాల్సి వచ్చింది. ఐసు, సోడా, కూల్‌డ్రింకు, ఈ మూడూ వద్దు. చల్లదనం వాసనను అణిచేస్తుంది, కూల్‌డ్రింకు తీపి మిగతాదంతా మింగేస్తుంది. మామిడికాయ ఊరగాయ, కారం మిక్చరు కూడా తర్వాతే. మొదటే తింటే నాలుక వాటితోనే నిండిపోతుంది. అగరొత్తులు ఆర్పేయడం మంచిది.

గ్లాసు సంగతి. స్టీలు లోటా పనికిరాదు. అడుగున వెడల్పుగా, మూతి దగ్గర సన్నగా ఉండే గాజు గ్లాసు కావాలి. వాసన లోపలే నిలుస్తుంది. అది లేకపోతే చిన్న వైను గ్లాసు చాలు. ఒక్కొక్కరికి 30 మిల్లీలీటర్లు, అంతకంటే వద్దు. రంగు చూసి మురిసిపోవద్దు. కారమెల్ రంగు కలపడానికి చాలా దేశాల్లో అనుమతి ఉంది, ముదురు రంగంతా పాతదనం కాదు. ఆ తర్వాత ముక్కు. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీలిస్తే కళ్ళలో నీళ్ళొస్తాయి. కొంచెం దూరంగా పెట్టి, నోరు కాస్త తెరిచి, మెల్లగా రెండు మూడుసార్లు పీల్చాలి.

"వాసన చూసేదానికి ఇంత డబ్బా? తాగితే ఎక్కల్ల గానీ!" అని వ్యాపారి విసుగు. మిల్లు పెద్దాయన మాత్రం కళ్ళు మూసుకుని చాలాసేపు గ్లాసును వదల్లేదు. "ముప్పై ఏండ్లు మడ్డి వాసనలో బతికినోణ్ణి. ఇందులో బెల్లప్పాకం వాసన ఉండాది, మడ్డి వాసన మాత్రం లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటలో క్వార్టర్‌కూ దీనికీ ఉన్న తేడా అంతా ఉంది.

అందరికంటే బాగా చెప్పింది ఇంటావిడ. ఆమె తాగరు. వాసన మాత్రం చూసి చెప్పమంటే, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోబోయి మానేసి, రెండుసార్లు చూశారు. "వేయించిన రాగిపిండి. ఎండు ఖర్జూరం. కొబ్బరి కూడానా?" అన్నారు. కొబ్బరి నిజమే. అమెరికాలో బర్బన్ విస్కీ నింపి ఖాళీ చేసిన ఓక్ పీపాల నుంచి వెనీలా, కొబ్బరి లాంటి వాసనలు వస్తాయి. విదేశీ నిపుణులు మాటలు వెతుక్కునే చోట వంటింటి ముక్కుకు తడుముకునే పని లేదు. పీచు పండ్లు, ఓట్ బిస్కట్లు అని పుస్తకాల్లో రాసే పోలికలు మనకెందుకు? మనకు సేలం గుండు మామిడి ఉంది, కాల్చిన వేరుశెనక్కాయల పొగ ఉంది, కొత్త చింతపండు పులుపు ఉంది. ఫ్యూజన్ లాంటి పొగ మాల్ట్ రుచి చూసినప్పుడు ఆ కాల్చిన వేరుశెనక్కాయల పొగే గుర్తుకొస్తుంది.

ఆ తర్వాతే నాలుక. అర చెంచాడు నోట్లోకి తీసుకుని వెంటనే మింగకుండా నాలుక అంతా తగలనివ్వాలి. మొదటి గుక్క మంటే తెలుస్తుంది, దానితో తీర్పు చెప్పకూడదు. రెండో గుక్కలో తీపి, మూడో గుక్కకు మాల్ట్. మింగాక గొంతులో ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. చవక సరుకు చటుక్కున మాయమై మంట మిగులుస్తుంది. మంచిది మంట పోయాక రుచి మిగులుస్తుంది.

నీళ్ళు మాత్రం హొగేనకల్‌వే

నీళ్ళు కలపడం తప్పు కాదు. నిజానికి కలిపితేనే వాసన విచ్చుకుంటుంది. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లో కంప్యూటర్ లెక్కలు కట్టి దీనికి కారణం చెప్పారు. విస్కీకి ఘాటైన పొగ వాసననిచ్చే గ్వయాకాల్ అనే పదార్థం, సారా శాతం తగ్గినప్పుడు పైకి తేలి గాలికి దగ్గరవుతుందట. అంచేత 30 మిల్లీలీటర్లకు ఒక చెంచాడు నీళ్ళు పోసి మళ్ళీ ముక్కు పెట్టండి. రెండో సీసా తెరిచినట్టు ఉంటుంది. ఇంకా ఘాటనిపిస్తే ఇంకో చెంచా.

ఏ నీళ్ళు అన్నది మన జిల్లాలో పెద్ద ప్రశ్నే. ధర్మపురి, కృష్ణగిరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు, ఉప్పదనం సంగతి అందరికీ తెలుసు. ఆ బాధ తీర్చడానికే జపాన్ రుణంతో కట్టిన హొగేనకల్ మంచినీటి పథకం 2013లో మొదలైంది. ఆ కుళాయి నీళ్ళు కాచి చల్లార్చినవైనా, క్యాను నీళ్ళైనా పరవాలేదు. బోరు నీళ్ళు కలిపితే మాత్రం బార్లీ పోయి ఉప్పు మిగులుతుంది. ఒక గ్లాసులో పోసి చూశాం, పెద్దాయన మొహం చిట్లించాడు.

లెక్క తీస్తే...

ధర రాష్ట్రానికో రకం. పన్నులను బట్టి ఒకే సీసా గోవాలో ఒక ధర, బెంగళూరులో మరో ధర. లెక్క కోసం 750 మిల్లీలీటర్ల సీసా నాలుగు వేలు అనుకుందాం. అందులో 30 మిల్లీలీటర్లవి 25 వస్తాయి. ఒక్కోటి 160 రూపాయలు. నలుగురు కలిస్తే తలకు వెయ్యి. వారానికొకసారి ఒక్కో గ్లాసు చొప్పున కూర్చుంటే ఆరు వారాలు వస్తుంది. రోజూ ఒక క్వార్టర్, 150 చొప్పున అనుకుంటే, అదే ఆరు వారాలకు ఆరు వేల మూడు వందలు. "ఇట్లయితే ఇంట్లో గొడవే ఉండదు" అని లోపలి నుంచి వినబడింది.

అయితే ఈ లెక్కను పట్టుకుని రోజూ తాగేవాడిని సింగిల్ మాల్ట్‌కు మారమనడం అమాయకత్వం. చెయ్యి వణికితే తప్ప తెల్లారనివాడికి కావాల్సింది డాక్టరు, ఖరీదైన సీసా కాదు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే తేల్చి చెప్పింది. ఈ కథనం ఎలాగూ అప్పుడప్పుడు పుచ్చుకునేవాళ్ళకే, అదీ 21 ఏళ్ళు నిండినవాళ్ళకు. తాగనివాళ్ళు కొత్తగా మొదలుపెట్టాల్సిన అవసరం ఏమీ లేదు.

స్కాచ్ కూడా చవకవుతుందా అని వ్యాపారి అడిగాడు. బ్రిటన్‌తో 2025 జులైలో సంతకాలైన వాణిజ్య ఒప్పందం ప్రకారం 150 శాతం ఉన్న దిగుమతి సుంకం ముందు 75కు, తర్వాత పదేళ్ళలో 40కి తగ్గాలి. కానీ దాని మీద రాష్ట్రం వేసే పన్నులు వేరు. సుంకం సగమైనంత మాత్రాన సీసా ధర సగమవదు.

గబగబా తాగే అలవాటు ఎక్కడిది?

రుచి చూడటం మనకు అలవాటు లేకపోవడానికి ఒక చరిత్ర ఉంది. దేశంలో మొదటగా మద్యనిషేధం ప్రయోగం జరిగిన నేల ఇదే. హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన రాజాజీ మద్రాసు ప్రధాని కాగానే, 1937 అక్టోబరు 1 నుంచి సేలం జిల్లాలో నిషేధం అమలు చేశారు. పాలకోడు అప్పుడు సేలం జిల్లాలోదే. ధర్మపురి విడి జిల్లా అయింది 1965లో. పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి రెండేళ్ళ తర్వాత తెచ్చిన అమ్మకపు పన్ను మాత్రం నిషేధం కన్నా గట్టిగా నిలిచింది. 1971లో నిషేధం ఎత్తేశారు, మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. 1983లో టాస్మాక్ వచ్చింది, 2003 నవంబరు నుంచి చిల్లర దుకాణాలూ దాని చేతికే వెళ్ళాయి.

ఇన్నేళ్ళూ తాగేవాడు తాగుతూనే ఉన్నాడు, కాకపోతే చాటుగా, నిలబడి, గొంతులో ఒంపుకుని, ఎవరైనా చూసేలోగా. అట్లా తాగేటప్పుడు రుచి దేనికి? మత్తు చాలు. ఈ గబగబ తాగుడు ఆ చాటుతనం నుంచే వచ్చిందని ఈ విలేకరి అనుమానం. ఇంట్లో, దీపం కింద, ఇంటావిడ ఎదురుగా కూర్చుని ముప్పై మిల్లీలీటర్లను ముక్కాలు గంట తాగినప్పుడు ఆ తొందర కనబడలేదు.

సరిహద్దు దాటించొద్దు

అత్తిబెలె దాటితే కర్ణాటక. అక్కడ రకాలు ఎక్కువ, ఒక్కోసారి ధరా నయం. అయినా అక్కడ కొన్నది సంచిలో వేసుకుని రావడం మంచిది కాదు. తమిళనాడు సుంకం కట్టని కర్ణాటక మద్యాన్ని సరిహద్దు తనిఖీల్లో పట్టుకుని కేసులు పెట్టడం మన రెండు జిల్లాల్లో మామూలే. టాస్మాక్ ఎలైట్ దుకాణాల్లో అడిగి చూడండి, దొరికితే బిల్లు తీసుకోండి. సగం ధరకు ఇస్తానని ఇంటికొచ్చి అమ్మేవాడి దగ్గర మాత్రం కొనొద్దు.

ఇది భయపెట్టడానికి చెప్పేది కాదు. 2023 మేలో మరక్కాణం, చెంగల్పట్టు వైపు, 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా ఎంతమందిని పొట్టన పెట్టుకుందో చూశాం. కళ్ళకురిచ్చిలోనే అరవై మందికి పైగా పోయారు. ఎంత రుచి నేర్చినా నాలుక మిథనాల్‌ను పట్టుకోలేదు. దాని వాసన, రుచి మామూలు సారాలాగే ఉంటాయి. అగ్గిపుల్ల గీసి మంట రంగు చూస్తే తెలుస్తుందని మన పల్లెల్లో చెప్పుకునే కిటుకునూ నమ్మలేం. సీలు, బిల్లు, దుకాణం, ఈ మూడే కాపాడేవి.

మిగిలిన సీసాను వైను సీసాలా పడుకోబెట్టకుండా నిలబెట్టే ఉంచాలి, లేకపోతే బిరడా పాడవుతుంది. ఎండ తగలని అలమరలో పెడితే చాలు, ఫ్రిజ్ అక్కర్లేదు. సగం కిందికి వచ్చాక గాలి పెరిగి వాసన చప్పబడుతుంది కాబట్టి కొన్ని నెలల్లో ముగించడం నయం. ఖాళీ అయ్యాక మాత్రం అట్లాగే పాత సామాన్లవాడికి వేయకండి. ఖరీదైన సీసాలో చవక సరుకు నింపి అమ్మేవాళ్ళకు అదే పెట్టుబడి. లేబుల్ గీకేసి, మూత విరిచి వేయాలి.